సమురాయ్, నైట్ సరే... మన నాయంకరుడి మాటేమిటి?

మైలవరం నుంచి విజయవాడ వైపు బస్సెక్కితే జి.కొండూరు దాటాక కొండపల్లి గుట్టలు కనిపిస్తాయి. ఆ గుట్టల మీద 14వ శతాబ్దంలో రెడ్డి రాజుల కాలంలో లేచిన కోట ఉంది. బహమనీలు, గజపతులు, శ్రీకృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు, మొఘలులు ఒకరి తర్వాత ఒకరు దాని కోసం కొట్లాడారు. చివరికి 1766లో జనరల్ కాలియాడ్ నాయకత్వంలోని ఇంగ్లీషు దండు దాన్ని పట్టుకుంది. ఇంతమంది ప్రాణాలొడ్డి పట్టుకున్న కోటలో కాపలా కాసిందెవరు, వాళ్లకు జీతమెవరిచ్చారు, ఏ నమ్మకంతో నిలబడ్డారు అని అడిగే పిల్లలు ఇవాళ అరుదు. అదే పిల్లలు జపాన్ సమురాయ్ కత్తి ఎలా ఉంటుందో బొమ్మ గీసి చూపిస్తారు. యూరప్ నైట్ ఇనుప కవచంలో ఎలా గుర్రమెక్కుతాడో చెబుతారు. ఫోన్లలో ఆటలు, అనిమే, ఓటీటీ సీరియళ్లు నేర్పిన చదువు అది.

ఆ చదువు తప్పేమీ కాదు. ఆ ఇద్దరినీ తెలుసుకోవాల్సిందే. అయితే వాళ్ల పక్కన కాకతీయుల నాటి నాయంకరుడిని, రాయల నాటి అమరనాయకుడిని నిలబెట్టి చూసినప్పుడే ముగ్గురూ సరిగ్గా అర్థమవుతారు. మనవాళ్లలో ఉండి, మిగతా ఇద్దరూ పోగొట్టుకున్న గుణం ఏమిటో కూడా అప్పుడే తెలుస్తుంది. దాన్ని ఇప్పుడు మనం కూడా చేతులారా పోగొట్టుకుంటున్నాం. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

ముందు యూరప్ సంగతి. గుర్రం, కవచం, బల్లెం, వెంట ఉండే పనివాళ్లు... ఒక నైట్‌ను యుద్ధానికి సిద్ధం చేయడం మామూలు ఖర్చు కాదు. చేతిలో నాణేలు ఆడని కాలంలో ప్రభువు దగ్గర ఇవ్వడానికి ఉన్నది భూమే. భూమి ఇచ్చి సేవ పుచ్చుకున్నాడు. నైట్ మోకరిల్లి, జోడించిన రెండు చేతులను ప్రభువు చేతుల్లో పెట్టి ప్రమాణం చేసేవాడు. ఇంగ్లండ్, ఫ్రాన్స్ లాంటి చోట్ల ఏడాదికి 40 రోజుల సేవ అనేది ఆనవాయితీగా నిలబడింది. అక్కడ గమనించాల్సింది మరొకటుంది. ఆ ప్రమాణం రెండువైపులా కట్టేసేది. 1020 ప్రాంతంలో షార్‌ట్ర్ బిషప్ ఫుల్బెర్ట్ అక్విటేన్ డ్యూక్‌కు రాసిన ఉత్తరంలో నైట్ తన ప్రభువుకు ఏమేం చేయాలో చెప్పి, ప్రభువు కూడా అతనికి అలాగే చేయాలని స్పష్టంగా రాశాడు. ప్రభువు మాట తప్పితే నైట్ తిరగబడవచ్చు. 1215లో ఇంగ్లండ్ బారన్లు జాన్ రాజు చేత మాగ్నాకార్టా మీద ముద్ర వేయించుకున్నది ఈ ధైర్యంతోనే.

జపాన్‌లోనూ మొదట్లో భూమే ఆధారం. సమురాయ్ అనగానే మనకు కత్తి గుర్తొస్తుంది కానీ, తొలినాళ్లలో అతను గుర్రం మీద నుంచి బాణం వేసే విలుకాడు. 12వ శతాబ్దం చివర కామకురాలో షోగున్ (సైనికాధిపతి) పాలన మొదలయ్యాక ఆ వర్గం చేతికి అధికారం వచ్చింది. తోకుగావా షోగున్ల కాలానికి (1603–1868) చాలామంది సమురాయ్‌లు పొలం వదిలి కోట పట్టణాల్లో కాపురం పెట్టారు. జీతం బియ్యంలో వచ్చేది. కొకు అనేది దాని కొలత. ఒక మనిషికి ఏడాది గ్రాసానికి సరిపోయే బియ్యం అని లెక్క. పదివేల కొకులకు తగ్గని రాబడి ఉన్న ప్రభువును దైమ్యో అనేవారు. 1635 నుంచి ఈ దైమ్యోలు ఏడాది మార్చి ఏడాది ఎదో నగరంలో షోగున్ కళ్లెదుట ఉండాలి. భార్యాపిల్లలను మాత్రం శాశ్వతంగా అక్కడే ఉంచాలి.

ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ బ్లాక్ యూరప్ ఫ్యూడల్ సమాజం మీద 1939–40లో వెలువరించిన గ్రంథంలో జపాన్‌ను పోలికగా తెచ్చాడు. రెండు చోట్లా దాదాపు ఒకే దశలు కనిపించాయన్నాడు. కానీ జపాన్ సేవకుడి ప్రమాణంలో ఒప్పందం పాలు తక్కువ, లొంగుబాటు పాలు ఎక్కువ అని తేడా కూడా చూపించాడు. ఆ గ్రంథానికి తెలుగు శాసనాలు తెలియవు. తెలిసి ఉంటే మూడో పోలిక దొరికేది.

కాకతీయుల చివరి కాలంలో, రుద్రమదేవి, ప్రతాపరుద్రుల పాలనలో, నాయంకర పద్ధతి బలపడింది. రాజు కొన్ని ఊళ్ల రాబడిని నాయకుడికి అప్పగిస్తాడు. దానితో నాయకుడు ఇన్ని కాల్బలాలను, ఇన్ని గుర్రాలను పోషించి, పిలిచినప్పుడు తీసుకురావాలి. ఓరుగల్లు కోటకు 77 బురుజులు, వాటికి 77 మంది నాయకులు అన్న మాట తర్వాతి కథల్లో స్థిరపడింది. 1323లో ఢిల్లీ సేనాని ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకున్నాక ఢిల్లీ సేనలను ఎదిరించి, దాన్ని మళ్లీ దక్కించుకున్నది ఈ నాయకుల కూటమే. ముసునూరి కాపయ నాయకుడిని 75 మంది నాయకులు కొలిచారని రెడ్డి రాణి అనితల్లి వేయించిన 1423 నాటి కలువచేరు శాసనం చెబుతోంది. కాపయ తర్వాత వాళ్లు ఎవరి సీమలకు వాళ్లు వెళ్లిపోయారని కూడా ఆ శాసనమే చెబుతుంది. కొండపల్లి కోట కట్టిన రెడ్డి రాజ్యం లేచింది ఓరుగల్లు పతనం తర్వాతి ఈ కల్లోలంలోనే.

విజయనగర కాలానికి ఇదే పద్ధతి అమరనాయంకరంగా ఇంకా పెద్దదైంది. 1530లలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ నూనిజ్ దాన్ని లెక్కలతో సహా రాసిపెట్టాడు. నేలంతా రాజుదే, రాజు చేతి మీదుగానే సరదార్లు అనుభవిస్తారు అన్నాడు. వాళ్లంతా కలిసి ఆరు లక్షల కాల్బలాన్ని, 24 వేల గుర్రాలను పోషించాలన్నాడు. తమ రాబడిలో సగం, అంటే 60 లక్షలు రాజుకు కట్టాలని రాశాడు. ప్రతి సరదారుకూ రాజధానిలో ఒక రాయసగాడు ఉంటాడని, రాజు ఏం చేస్తున్నాడో అతను ఎప్పటికప్పుడు యజమానికి రాసి పంపుతుంటాడని చెప్పాడు. అంకెల్లో అతిశయం ఉండొచ్చు. పద్ధతి మాత్రం స్పష్టం.

ఇక్కడే ముగ్గురి తేడాలు బయటపడతాయి. నైట్‌కు ఇచ్చిన భూమి రానురాను అతని వంశానికి సొంతమైపోయింది. సమురాయ్ నుంచి భూమి పోయి బియ్యపు జీతం మిగిలింది. నాయకుడి స్థితి ఈ రెంటికీ మధ్య. ఊళ్లు అతని చేతిలో ఉన్నాయి, కానీ రాజు తలచుకుంటే మార్చగలడు, తీసేయగలడు. రాజును నిలదీసే మాగ్నాకార్టా లాంటి పత్రం నాయకుడికి లేదు. అందుకే రాజధాని బలహీనపడిన ప్రతిసారీ బేరసారాలు లేకుండా నేరుగా స్వతంత్రం ప్రకటించుకున్నాడు. కాకతీయుల తర్వాత అదే జరిగింది, విజయనగరం ఓడిపోయిన 1565 తాళికోట యుద్ధం తర్వాత మళ్లీ అదే జరిగింది.

గుర్రాల విషయం ఒక్క మాట. మన వాతావరణంలో మేలుజాతి గుర్రాలు పెరగవు, ఓడల్లో రావాల్సిందే. కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవుకు వచ్చే వ్యాపారులకు అభయశాసనం ఇచ్చాడన్నా, రాయలు గోవా పోర్చుగీసులతో స్నేహం చేశాడన్నా ఆ లెక్కల్లో గుర్రానికీ చోటుంది. యూరప్‌లో నైట్ తన పొలం పక్కనే గుర్రాన్ని పెంచుకోగలిగాడు. ఇక్కడ సముద్రాన్ని చేతిలో ఉంచుకున్న రాజుదే పైచేయి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, వీరుడు కావడానికి ఎవరికి అర్హత ఉంది?

యూరప్‌లో 12వ శతాబ్దంలో విలియం మార్షల్ అనే భూమిలేని చిన్న కొడుకు నైట్ల పోటీ పోరాటాల్లో గెలిచి, పెళ్లితో జమీ సంపాదించి, చివరికి 1216లో పసివాడైన హెన్రీ రాజు తరఫున ఇంగ్లండ్‌నే పాలించాడు. అతనూ చిన్నపాటి ప్రభువు ఇంట పుట్టినవాడే. 13వ శతాబ్దం వచ్చేసరికి తండ్రి నైట్ కాకపోతే కొడుకు నైట్ కాకూడదన్న కట్టుబాట్లు చాలాచోట్ల బిగుసుకున్నాయి. జపాన్‌లో జరిగింది ఇంకా బాధ కలిగించేది. రైతు ఇంట పుట్టి, మామూలు బంటుగా మొదలై దేశాన్నేలిన తొయొతోమి హిదెయోషియే 1588లో రైతుల దగ్గర కత్తులన్నీ లాగేసుకున్నాడు. 1591లో సైనికుడు రైతు కాకూడదు, రైతు సైనికుడు కాకూడదు అని ఆజ్ఞ వేశాడు. తను ఎక్కివచ్చిన దారిని తన చేత్తోనే మూసేశాడు.

తెలుగునేల మీద 13వ శతాబ్దపు శాసనాలు చదివితే వేరే గాలి తగులుతుంది. కాకతీయులూ, వారి నాయకుల్లో చాలామందీ తాము నాలుగో వర్ణం వాళ్లమని దాచుకోలేదు. విష్ణుపాదం నుంచి పుట్టినవాళ్లం, గంగకు తోబుట్టువులం అని గర్వంగా చెక్కించుకున్న వంశాలున్నాయి. అమెరికా చరిత్రకారిణి సింథియా టాల్బట్ కాకతీయ శాసనాలను వందలకొద్దీ పరిశీలించి, నాయకుడనే హోదా పుట్టుకతో కాక సేవతో, యుద్ధంలో చూపిన సత్తాతో వచ్చిందని తేల్చారు. తండ్రికి ఆ హోదా లేకపోయినా కొడుక్కి దక్కేది, తండ్రికి ఉన్నా కొడుక్కి దక్కకపోయేది. సింహాసనం మీద స్త్రీ కూర్చున్న రోజులు కూడా అవే. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే సేవకుడు 1289 నవంబరులో నల్లగొండ జిల్లా చందుపట్లలో శాసనం వేయించాడు. రాణి ఎప్పుడు కన్నుమూసిందో చరిత్రకు చెప్పింది ఆ మామూలు బంటు వేయించిన రాయి.

కృష్ణకు ఆవలి ఒడ్డున పల్నాడు ఇంకో అడుగు ముందుకేసింది. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం చివరిది. మనకు తెలిసిన కథ తర్వాతి కాలపు వీరగాథల నుంచి వచ్చింది కాబట్టి అందులో ప్రతి సంఘటననూ చరిత్రగా పట్టుకోనక్కర్లేదు. కానీ ఆ గాథ ఎవరిని వీరుడిగా నిలబెట్టిందో చూడాలి. మాల కన్నమదాసు పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడి పెంపుడు కొడుకు, సేనాని. అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తిన్న చాపకూడు ఆ యుద్ధగాథకు గుండెకాయ. కారెంపూడి వీరుల గుడిలో ఆయుధాలకు ఇప్పటికీ కార్తీకంలో పూజ జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ ఐదు రోజులు ఉత్సవం చేస్తారు. ఆచార్లు, పీఠాలు ఎన్ని మారినా, అంటరానివాడన్న మనిషిని సేనాపతిగా తలచుకునే ఉత్సవం ఎనిమిది శతాబ్దాలనాటి యుద్ధం పేరు మీద నడుస్తోంది. నైట్ల గాథల్లో గానీ, సమురాయ్ కథల్లో గానీ ఇలాంటి సేనాపతి కనిపించడు.

అంతమాత్రాన ఆనాటి తెలుగుదేశం సమానత్వపు సీమ అని చెప్పడం అబద్ధమవుతుంది. ముగ్గురి ఠీవీ రైతు గాదె మీదే నిలిచింది. విజయనగర రాజ్యంలో సాగుచేసేవాళ్లు పదింట తొమ్మిది పాళ్లు సరదార్లకు కట్టేవారని, జనం చాలా కష్టాలు పడేవారని నూనిజే రాశాడు. జపాన్‌లో పంటలో నాలుగు పాళ్లు ప్రభువుకు, ఆరు రైతుకు అన్నది మంచి రోజుల లెక్క. చాలాచోట్ల సగం పోయేది. యూరప్‌లో సెర్ఫులు ప్రభువు పొలంలో ఊరికే వెట్టి చేశారు. 1381లో ఇంగ్లండ్ రైతులు తిరగబడి లండన్‌లోకి చొరబడ్డది ఆ మంటతోనే. వీరగాథలు పాడుకునేటప్పుడు ఈ పన్నులు కట్టినవాళ్లకూ ఒక చరణం ఉండాలి.

చావును ముగ్గురూ ఒకేలా చూడలేదు. యూరప్‌లో బందీగా దొరికిన ప్రభువు విలువైన సొమ్ము. 1356లో పొయిటియర్స్ దగ్గర ఫ్రాన్స్ రాజు జాన్ ఇంగ్లీషువాళ్లకు చిక్కితే 30 లక్షల బంగారు నాణేలకు బేరం కుదిరింది. లొంగిపోవడంలో పరువుతక్కువేమీ లేదు. జపాన్‌లో యజమాని పోతే సేవకుడు పొట్ట కోసుకుని వెంట వెళ్లే ఆచారం ముదిరి, 1663లో షోగున్ ప్రభుత్వం దాన్ని నిషేధించాల్సి వచ్చింది. అయినా 1912లో మెయిజీ చక్రవర్తి అంత్యక్రియల రోజున జనరల్ నోగి, అతని భార్య ప్రాణాలు తీసుకున్నారు. దక్షిణాదికి ఈ ఆచారం కొత్త కాదు. ప్రభువు కోసం ప్రాణమిస్తామని ప్రతినబూనిన లెంకలు కాకతీయ శాసనాల్లో ఉన్నారు. పొరుగున హళేబీడులో 1220 ప్రాంతంలో హొయ్సళ వీరబల్లాళుడు పోయినప్పుడు కువర లక్ష్ముడు, అతని భార్య, అనుచర వీరులు ప్రాణాలు విడిచిన సంగతి స్తంభం మీద చెక్కి ఉంది.

మన కొండపల్లికీ అలాంటి కథ ఒకటి అంటుకుని ఉంది. 1515లో కొండవీడు పట్టుకున్నాక రాయలు కొండపల్లిని మూడు నెలలు ముట్టడించి, గజపతి భార్యనూ, ఒక కొడుకునూ బందీలుగా పట్టుకున్నాడని నూనిజ్ అంటాడు. ఆ రాకుమారుడు కత్తిసాములో దిట్ట అని విని రాయలు ఒకసారి చూపించమన్నాడట. ఎదుట నిలిపినవాడు రాజవంశీకుడు కాడని తెలిసి, అలాంటివాడితో చేయి కలపనని చెప్పి ఆ యువకుడు అక్కడికక్కడే ప్రాణం తీసుకున్నాడట. ఆ రాకుమారుడెవరో, ఇలాగే జరిగిందో లేదో చరిత్రకారులు ఒక మాట మీద లేరు. కానీ రాయల ఆస్థానంలో రాచబిడ్డ ఎదుట మామూలు కత్తివీరుడిని నిలబెట్టడం తప్పనిపించలేదన్నది ఈ కథలో గమనించాల్సిన సంగతి. పుట్టుకను పట్టుకు వేలాడినవాడు చచ్చిపోయాడు.

ప్రతీకారంలో మాత్రం బొబ్బిలి, ఎదో పక్కపక్కనే నిలుస్తాయి. 1701లో షోగున్ కోటలో కత్తి దూశాడని అసానో ప్రభువుకు మరణశిక్ష పడింది. దిక్కులేనివాళ్లయిన అతని 47 మంది సమురాయ్‌లు దాదాపు రెండేళ్లు ఓపిక పట్టి, 1703 జనవరిలో శత్రువు కిరా తల నరికి ప్రభువు సమాధి దగ్గర పెట్టారు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, ఉత్తరాంధ్రలోని విజయనగరం సంస్థానాధీశుడు విజయరామరాజు సేనలు బొబ్బిలి కోటను పొట్టనపెట్టుకున్నాయి. కోటలో స్త్రీలు, పిల్లలు సైతం అయినవాళ్ల చేతుల్లోనే ప్రాణాలు విడిచారు. కొద్దిరోజుల్లోనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలోకి చొరబడి అతణ్ని పొడిచి చంపాడు. ఆ కాలపు ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ ఈ ఘోరాన్ని వివరంగా రాశాడు. 47 మంది సమురాయ్‌ల సమాధులున్న సెంగాకుజీ గుడికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వెళ్తున్నారు. బొబ్బిలి కథ తెలుగు దాటి ఎంతమందికి తెలుసు?

ముగింపులు కూడా పోలి ఉన్నాయి. బియ్యపు జీతాలు, కత్తి పెట్టుకునే హక్కు 1876లో రద్దవగానే సైగో తకమోరి వెనుక సమురాయ్‌లు తిరగబడి 1877లో నేలకొరిగారు. దానికి 30 ఏళ్ల ముందే రాయలసీమలో ఇది జరిగిపోయింది. కట్టుబడి ఈనాములు పోగొట్టుకున్న బంట్లను కూడగట్టి 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఈస్టిండియా కుంపిణీ మీద లేచాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో అతణ్ని ఉరితీశారు. మన కృష్ణా ప్రాంతంలో అలాంటి తిరుగుబాటు అవసరం రాలేదు. ఇక్కడి పెత్తందార్లు 1802 శాశ్వత పైసలా తర్వాత కుంపిణీకి శిస్తు కట్టే జమీందార్లుగా కుదురుకున్నారు. మైలవరం కూడా అలాంటి జమీందారీయే.  1948 చట్టంతో జమీందారీలే పోయాయి.

వీరులు పోయాకే వీరధర్మం గురించి పుస్తకాలు వచ్చాయి. 18వ శతాబ్దం తొలినాళ్లలో సమురాయ్ చావు గొప్పదనాన్ని హగకురే అనే పుస్తకంలో చెప్పిన యమమోతో త్సునెతోమో ఒక్క యుద్ధం కూడా చూడలేదు. బుషిదో అనే సమురాయ్ వీరధర్మాన్ని లోకానికి పరిచయం చేసిన నితోబె ఇనాజో పుస్తకం 1900లో, అదీ ఇంగ్లీషులో వచ్చింది. మనకూ ఇదే జరిగింది. ఓరుగల్లు పడిపోయిన ఎంతో కాలానికి పుట్టిన ప్రతాపరుద్ర చరిత్రము ఆ 77 మంది నాయకులనూ ఒకే కులానికి కట్టబెట్టింది. ఆనాటి శాసనాల్లో మాత్రం నాయకులు రకరకాల ఇళ్ల నుంచి వచ్చారు.

ఆ పుస్తకం మొదలుపెట్టిన పనిని ఇవాళ ఫ్లెక్సీలు పూర్తిచేస్తున్నాయి. కాకతీయులు మావాళ్లు, రాయలు మావాడు, ముసునూరివారు మావాళ్లు అంటూ సభలు, విగ్రహాలు, ఊరేగింపులు జరుగుతున్నాయి. పూర్వీకుల మీద ప్రేమను ఎవరూ కాదనరు. అయితే సత్తాకు దక్కిన హోదాను పుట్టుకకు రాసిచ్చేయడం ఆ పూర్వీకులకే అన్యాయం. 75 మంది నాయకులు కులం చూసుకుని కూడి ఉంటే ఓరుగల్లు మళ్లీ దక్కేదే కాదు. హిదెయోషి ఆజ్ఞతో మూసిన తలుపును మనం ఏ ఆజ్ఞా లేకుండానే మూసుకుంటున్నాం.

ప్రభుత్వం చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. కొండపల్లి కోటలో రాజుల పేర్లతో పాటు నాయంకరం అంటే ఏమిటో, కోటను ఎవరి పంట పోషించిందో చెప్పే బోర్డు తెలుగులో పెట్టాలి. పాఠ్యపుస్తకంలో యూరప్ ఫ్యూడల్ వ్యవస్థ పాఠం పక్కనే కలువచేరు, చందుపట్ల శాసనాలు ఉండాలి. మైలవరం, జి.కొండూరు, ఇబ్రహీంపట్నం బడుల పిల్లలను ఏడాదికొకసారైనా ఆ కోట ఎక్కించాలి.

ఇక చదువరులకు ఒక విన్నపం. కత్తి పట్టిన మనిషి బొమ్మ చెక్కిన వీరగల్లులు మన పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద, గుడి గోడల పక్కన ఇంకా ఉన్నాయి. కొన్నిటికి సున్నం కొడుతున్నారు, కొన్నిటిని పునాదుల్లో వేసేస్తున్నారు. మీ ఊళ్లో అలాంటి రాయి కనిపిస్తే దాన్ని కదిలించకుండా, రంగు పూయకుండా ఫొటో తీసి, రాష్ట్ర పురావస్తు శాఖకు గానీ దగ్గరి కాలేజీలోని చరిత్ర అధ్యాపకులకు గానీ తెలియజేయండి.